ఎర్రటి చెవి చూసి తొందరపడ్డాను

నిన్న సీపీఎన్‌పీ పరీక్ష పాసయ్యాను. అమెరికాలో పిల్లలను పరీక్షించి మందులు రాసే నర్సు (పీడియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్) అవడానికి రాసే పరీక్ష అది. మూడు గంటలు, 175 ప్రశ్నలు. అందులో 25 ప్రశ్నలకు మార్కులుండవు, అవేవో మనకు తెలియనివ్వరు. అయినా పరీక్షకు పెద్దగా భయపడలేదు. పిల్లల వార్డులో ఏళ్ల తరబడి ఆర్‌ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) చేసినదాన్ని, ఫార్మకాలజీ కూడా కష్టపడితే వచ్చేసింది.

నన్ను ఏడిపించింది క్లినికల్సే, అంటే క్లినిక్‌లో రోగులను చూస్తూ చేసే శిక్షణ. అక్కడ దగ్గరుండి నేర్పే ప్రిసెప్టర్‌ను మీరే వెతుక్కోండి అంది మా కాలేజీ. 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టిన చదువు ఇది. అలాంటి చదువుకు వేలకు వేల డాలర్లు ఫీజు కట్టించుకుని, నేర్పేవాళ్లను మాత్రం చూపించరా? చేరేముందే ఈ సంగతి అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నాకు ఐదు నెలలు పట్టింది.

అలా దొరికిన ప్రిసెప్టర్ దగ్గర రెండో రోజు. ఏడాదిన్నర బాబు, జ్వరం, ఒకటే ఏడుపు. చెవి లోపలికి చూసే ఓటోస్కోప్ పెట్టి చూస్తే కర్ణభేరి ఎర్రగా ఉంది. ఓటైటిస్ మీడియా (నడిమి చెవి ఇన్ఫెక్షన్) అనేశాను. అమాక్సిసిలిన్ రోజుకు కేజీకి 90 మిల్లీగ్రాములని డోసు కూడా చెప్పేశాను, తల్లి ఎదురుగానే.

ప్రిసెప్టర్ తనూ చూసి, "ఏడ్చే పిల్లాడి చెవి ఎర్రగానే ఉంటుంది. ఉబ్బిందా? గాలి కొడితే కదిలిందా?" అని అడిగారు. ఓటోస్కోప్‌కు ఉండే, గాలి కొట్టే రబ్బరు బల్బు నేను నొక్కనే లేదు. ఆవిడ నొక్కితే పొర చక్కగా కదిలింది. చెవిలో ఏమీ లేదు, వట్టి జలుబు. ఆ తల్లి బాబును గుండెకు హత్తుకుని, ఇకపై మీరే చూడండి అని ఆవిడతో అంది. ఆ మాట ఇంటికొచ్చాక కూడా చెవుల్లో మోగుతూనే ఉంది. అవసరం లేని యాంటీబయాటిక్ ఆ పసివాడికి రాసేదాన్నే కదా అని రాత్రంతా నిద్రపట్టలేదు.

మర్నాటి నుంచి టీకాలకు వచ్చిన పిల్లల చెవులు కూడా వదల్లేదు. బాగున్న చెవి ఎలా ఉంటుందో కంటికి అలవాటు కాకపోతే బాగాలేనిది పట్టుకోలేం. మూడేళ్లలోపు పిల్లలకు చెవిని కిందికీ వెనక్కీ లాగాలి. బిడ్డ తల్లి ఒళ్లోనే ఉండాలి, ఆమె ఒక చేత్తో తలను తన గుండెకు ఆనించి, రెండో చేత్తో చేతులు పట్టుకోవాలి. బల్బు ఉన్న ఓటోస్కోప్ సొంతంగా కొనుక్కోండి, క్లినిక్‌లో ఉంటుందిలే అనుకోవద్దు.

చివరి వారం ఒక పాప చెవి విషయంలో అనుమానమొచ్చి ప్రిసెప్టరే నన్ను పిలిచి, "మీరు చూసి చెప్పండి" అన్నారు. ఉబ్బింది, కదల్లేదు. అదే చెప్పాను. ఆవిడ మందు రాశారు.

రాష్ట్ర లైసెన్సుకు ఈ ఉదయమే దరఖాస్తు పంపాను.