అవ్వ చెంబు సొట్ట తీయబోయి

మాది కావలి. ఫ్రిజ్‌లు, ఏసీలు రిపేరు చేస్తాను. పోయినేడు వేసవిలో ఊళ్లో పాత ఇల్లు పడగొట్టే ముందు సామాను సర్దుతుంటే, పశువుల కొట్టంలో దూలానికి వేలాడుతూ మా అవ్వ ఇత్తడి చెంబు కనిపించింది. పాలు పితికే చెంబు, రెండు లీటర్లు పడుతుంది. పొట్ట మీద అరచేయంత సొట్ట. దానికి సరిగ్గా అవతలి వైపు, అంచు నుంచి కిందికి వెంట్రుకలాంటి చీలిక.

"మీ పిన్ని బావి గట్టు మీద పడేసి పగలగొట్టింది" అంది అమ్మ. ఈ మాట చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను.

పాత్రల కొట్టుకు తీసుకెళ్తే తూకానికి తీసుకుంటామన్నారు. నాకు మనసొప్పలేదు. రోజూ రాగి పైపులతో కుస్తీ పట్టేవాణ్ని, ఇదొక లెక్కా అనుకున్నాను. గుండ్రటి తల ఉన్న ఇనప కడ్డీని వైస్‌లో బిగించి, చెంబును దానికి తొడిగి, పైనుంచి కొయ్యసుత్తితో కొట్టాను. ఖంగు ఖంగుమని గుడిగంటలా మోగిందే తప్ప సొట్ట పెద్దగా కదల్లేదు. గట్టిగా నాలుగు వేశాను. చీలిక ఇంకో వేలెడు కిందికి దిగింది.

సుత్తి పక్కన పెట్టేశాను. సిగ్గనిపించింది కూడా. గట్టిపడిన రాగి పైపుకు ఫ్లేర్ చేస్తే, అంటే మూతిని గరాటులా వెడల్పు చేస్తే, ఆ మూతి చీలుతుందని, ముందు ఎర్రగా కాల్చి మెత్తబెట్టుకోవాలని నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు నేనే చెప్తాను. ఇత్తడీ అంతే. సాగగొట్టినా, వంచినా, నొక్కినా లోపలి రేణువులు నలిగి బిగుసుకుపోతాయి. తగినంత వేడి తగిలితే వాటి చోట కొత్త రేణువులు పుట్టి లోహం మళ్లీ మెత్తబడుతుంది. దీన్నే అనీలింగ్ అంటారు. ఉక్కులా కాదు, ఇత్తడిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినా గట్టిపడదు.

మా వీధి చివర ఒకప్పుడు కళాయి పెట్టిన తాత ఉన్నాడు. చెంబు చూపిస్తే చీలిక మీద గోరు పెట్టి గీరి, "సుత్తి కంటే ముందు నిప్పు చూపియ్యాల నాయనా. ఎరుపు కనపడీ కనపడనట్టు ఉన్నప్పుడు ఆపెయ్. పగలు మాత్రం చెయ్యబాక, ఎండలో ఆ ఎరుపు నీకు ఆనదు" అన్నాడు. నాకు పనికొచ్చిందంతా ఆ మూడు ముక్కల్లోనే ఉంది.

ముందు పాత గిన్నె ముక్కల మీద ప్రయత్నించాను. మొదటిదాన్ని పట్టపగలే చేశాను, వినే రకం కాదు కదా మనం. ఎరుపు ఇంకా రాలేదు, రాలేదు అనుకుంటూ ఉండగానే అంచు ముద్దయిపోయి తెల్లటి పొగ లేచింది. అది ఇత్తడిలో రాగితో కలిసి ఉండే జింకు. 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం ఖాయం. వెల్డింగ్ పనివాళ్లకు బాగా తెలిసిన జ్వరమే. మెత్తబడటానికి అంత వేడి అక్కర్లేదు, 600 డిగ్రీలు దాటితే చాలు. రెండో ముక్కను చీకటి పడ్డాక కాల్చాను. చల్లారాక అట్టముక్కలా చేత్తో వంగింది.

అసలు పని మర్నాడు రాత్రి, పెరట్లో. లైట్లు ఆర్పేసి, గాలికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబడ్డాను. చెంబును ఇటుక మీద పెట్టి, మంటను ఒకచోట నిలపకుండా తిప్పుతూ పోయాను. ముందు రంగు మాసింది, తర్వాత నల్లబడింది. ఆ నలుపు లోపలి నుంచి, ఆరిపోబోయే అగరొత్తి కొనలా, ఒక మసక ఎరుపు తేలింది. నాలుగైదు సెకన్లు ఉంచి మంట పక్కకు జరిపాను. ఇలా చుట్టూరా. అంచు మందం కాబట్టి అక్కడ ఎక్కువసేపు పట్టింది. దోమలు కాళ్లు పీకేస్తున్నా కదల్లేదు.

చల్లారాక సుత్తి వేస్తే ఖంగుమనలేదు. దబ్ అంది, తడి చెక్కను కొట్టినట్టు. ఆ చప్పుడు వినగానే సగం టెన్షన్ పోయింది. సొట్ట చెప్పినట్టు వింది. అయితే ఓ పాతిక దెబ్బలకు మళ్లీ గంట చప్పుడు మొదలైంది. అంటే బిగుసుకుంటోందన్న మాట. మళ్లీ మంట, మళ్లీ సుత్తి. మూడు విడతలకు పొట్ట గుండ్రబడింది.

చీలిక చివర చిన్న బెజ్జం వేశాను, ఇంకా పాకకుండా. విషపు పొగ వదిలే కాడ్మియం లేని సిల్వర్ రాడ్‌తో, అంటే వెండి కలిసిన అతుకు కడ్డీతో అతికాను. రాగికి రాగి అతికే మా రాడ్లకు ఫ్లక్స్ (అతుకు పట్టడానికి ముందు రాసే మందు) అక్కర్లేదు, ఆ అలవాటులో ఇక్కడా మర్చిపోయాను. కరిగిన రాడ్ తామరాకు మీద నీటిబొట్టులా దొర్లిపోయింది. వెలిగారం రాసి చేస్తే పట్టింది. చింతపండు, ఉప్పు పెట్టి తోమితే నలుపు పోయింది, అక్కడక్కడ గులాబి మచ్చలు మిగిలాయి.

పిన్ని సంగతి మాత్రం నన్ను వదల్లేదు. సొట్ట ఒక వైపు, చీలిక ఇంకో వైపు ఎందుకుంటుంది? వెతికితే తూటాల కథ దొరికింది. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే, వానాకాలంలో గుర్రపుశాలల దగ్గర దాచిన ఇత్తడి తూటా గొట్టాలు వాటంతట అవే చీలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గొట్టంలో తయారీ నాటి నుంచి మిగిలిపోయిన బిగువు, రెండూ కలిసి చేసిన పని అని 1921లో తేల్చారు. మన చెంబు ఎన్నేళ్లు వేలాడింది? గేదెల నెత్తిమీదే.

అమ్మకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "పడిన రోజు చీలిక లేదు. కొన్నాళ్లకు పాలు కారితే చూశాం" అంది. ఒంగోలులో ఉన్న పిన్నికి తనే ఫోన్ చేసింది. అటునుంచి పిన్ని, "అక్కా, పడేశాను గానీ పగలగొట్టలేదని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! సరే, సొట్ట నాదే. ఆ చెంబు నాకే పంపియ్" అంది.