మూస్ వేటకు చీటీ

విశాఖపట్నంలో వేట అనే మాట వింటే తుపాకి ఎవరికీ గుర్తుకు రాదు. ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల పుట్టి పెరిగినవారికైనా, నాలాగా చేపల లెక్కలు రాయడమే ఉద్యోగంగా ముప్పై ఏళ్ళు అక్కడి జెట్టీల మీద తిరిగినవారికైనా వేట అంటే చేపల వేటే. అందువల్ల, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఉంటున్న మా అన్నయ్య కొడుకు కిందటి అక్టోబరులో ఫోన్ చేసి, “బాబాయ్, మా పక్కింటి పెద్దాయన పద్దెనిమిదేళ్ళు లాటరీ వేస్తే ఈసారి మూస్ వేటకి పర్మిట్ వచ్చింది, అదీ ఆడదానికి” అని చెప్పినప్పుడు, పద్దెనిమిదేళ్ళ ఓపిక కన్నా ఆ చివరి మాటే నన్ను పట్టుకుంది. మూస్‌లు తగ్గిపోతున్నాయని అంతకు రెండు నెలల ముందు వాపోయినవాడూ వాడే. తగ్గిపోతున్న జంతువును, అందులోనూ పిల్లల్ని కనవలసిన ఆడదాన్ని, చంపుకోమని ప్రభుత్వమే చీటీ రాసి ఎందుకు ఇస్తుంది?

మూస్ జింకల కుటుంబంలోకెల్లా పెద్దది. మన కణుజు దాని పక్కన నిలబడితే దూడలా కనిపిస్తుంది. ఐదు వందల కిలోలు తూగే మగవి అక్కడ వింత కాదు. మగదాని కొమ్ములు చాపిన అరచేతుల్లా వెడల్పుగా పెరిగి, ఏటా రాలిపోయి, మళ్ళీ మొలుస్తాయి. చలి కోసమే పుట్టిన ఒళ్ళు కావడం వల్ల మనకు హాయిగా తోచే వాతావరణంలో కూడా అది రొప్పుతుంది.

పర్మిట్ అని మెయిన్‌లోనూ, ట్యాగ్ అని పశ్చిమ రాష్ట్రాల్లోనూ పిలిచే ఆ చీటీ చాలా ఇరుకైన అనుమతి. ఫలానా మండలంలో, ఫలానా వారంలో, మగదో ఆడదో అందులో రాసినదాన్ని బట్టి, ఒకే ఒక్క జంతువును కొట్టవచ్చు; కొట్టిన వెంటనే దానికి ట్యాగు కట్టి, నమోదు కేంద్రానికి తీసుకువెళ్ళి చూపించాలి. మెయిన్‌లో 1930ల నుంచి మూతపడి ఉన్న మూస్ వేటను 1980లో 700 పర్మిట్లతో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు ఏటా 4,000 పైచిలుకు పర్మిట్లకు 70,000 మందికి పైగా దరఖాస్తు చేసుకుంటున్నారు. రానివారికి ఏడాదికి ఇంతని బోనస్ పాయింట్లు కలుస్తూ పోతాయి. తిరుమల ఆర్జిత సేవల లక్కీడిప్‌లో పేరు వేసి ఎదురుచూసే మనవాళ్ళకు ఈ పద్ధతిని ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. యూటా వంటి చోట్ల మగ మూస్ ట్యాగు మనిషికి జీవితంలో ఒక్కసారే. కొన్ని పర్మిట్లను వేలం వేసి ఆ డబ్బును మంచి పనులకే వాడతారట గాని, అది మాత్రం నాకు రుచించలేదు.

వేట ఆపేస్తే సరిపోదా అని మనలో చాలామందికి తోస్తుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం నీడలో పెరిగినవాళ్ళం కాబట్టి అలా తోచడం సహజమే. ఆ పని మిన్నెసోటా చేసి చూసింది. ఆ రాష్ట్రపు ఈశాన్య భాగంలో 2006లో 8,840 మూస్‌లు ఉన్నట్టు హెలికాప్టర్ సర్వే అంచనా వేస్తే, 2013 నాటికి ఆ అంచనా 3,000 లోపుకు పడిపోయింది. ఆ ఏడే అక్కడి ప్రభుత్వం వేటను నిలిపివేసింది. పదేళ్ళు దాటినా మంద మూడు నాలుగు వేల దగ్గరే ఊగిసలాడుతోంది. 2007 నుంచి అక్కడ మగవాటికే, అదీ కొద్దిపాటిగానే ట్యాగులు ఇస్తూ వచ్చారు కాబట్టి, వేట ఆపినందువల్ల బతికి బయటపడ్డవి కొన్ని మగవి మాత్రమే. ఆడవాటినీ దూడలనూ తీసుకుపోయేవి వేరే ఉన్నాయి. తెల్లతోక జింకల పేడ ద్వారా బయటకు వచ్చే ఒక పురుగు నత్తల్లోకి చేరుతుంది, ఆకుతో పాటు నత్తను మింగిన మూస్ మెదడులోకి అది ఎక్కుతుంది; జింకకు ఏ హానీ చేయని ఆ పురుగు వల్ల మూస్ తల ఒక పక్కకు వాల్చి, ఉన్నచోటనే గిరగిర తిరుగుతూ కూలిపోతుంది. కార్జానికి పట్టే జలగలు, దూడలను పట్టే తోడేళ్ళు, ముదిరే ఎండలు సరేసరి. వీటిలో ఏదీ ట్యాగు లెక్కకు లొంగేది కాదు.

మెయిన్ కథ దీనికి భిన్నమైనది, ఆ తేడా అంతా గోమారిలో ఉంది. మన పశువులకు పట్టే గోమార్ల వంటిదే అయినా, దాన్ని అక్కడ శీతాకాలపు గోమారి అంటారు. శరదృతువులో దాని పిల్లలు పొదల కొనలకు ఎక్కి, ఒకదాని కాళ్ళు ఒకటి పట్టుకుని గుత్తులుగా వేలాడుతూ, ఏదైనా జంతువు రాసుకుంటూ పోయేదాకా కాచుకుని ఉంటాయి. ఎక్కిన జంతువును చలికాలమంతా వదలవు. మూడు దశలూ దాని ఒంటి మీదే గడిపి, మార్చి ఏప్రిల్ నెలల్లో ఆడవి కడుపు నిండా రక్తం తాగి కింద పడతాయి. పడిన చోట మంచు ఉంటే చస్తాయి, నేల తేలి ఉంటే గుడ్లు పెడతాయి. శరదృతువులో మంచు ఆలస్యమైన కొద్దీ ఎక్కేవి ఎక్కువ, వసంతంలో మంచు తొందరగా కరిగిన కొద్దీ బతికేవి ఎక్కువ. ఒక్కొక్క మూస్ మీద పదుల వేల గోమార్లు ఉంటాయి. దురద తాళలేక చెట్లకు ఒళ్ళు రుద్దుకుని బొచ్చంతా ఊడి, తెల్లబారిన చర్మంతో తిరిగేవాటిని అక్కడివారు దయ్యపు మూస్‌లు అంటారు. మేత అడుగంటిన ఆ నెలల్లోనే తొలి చలికాలం దాటుతున్న దూడలు రక్తం చాలక పోతాయి. 2022లో రేడియో కాలర్లు కట్టి గమనించిన 70 దూడల్లో 60 చనిపోయాయి.

మంచు ఎప్పుడు కురవాలో నిర్ణయించే శక్తి ఏ శాఖకూ లేదు. గోమార్లకు దొరికే ఒళ్ళ సంఖ్యను తగ్గించడం మాత్రం చేతిలో ఉంది. మంద పలచబడితే గోమార్లు కూడా తగ్గి, మిగిలిన ఆడవి బలం పుంజుకుని మంచి దూడలను ఈనుతాయా? ఈ ప్రశ్నకు జవాబు కోసమే 2021లో మెయిన్ అధికారులు వాయవ్య దిక్కున ఉన్న నాలుగో మండలాన్ని రెండుగా చీల్చి, ఒక సగంలో ఆడవాటి పర్మిట్లను బాగా పెంచి, రెండో సగాన్ని పోలిక కోసం అలాగే వదిలి, ఐదేళ్ళ ప్రయోగం మొదలుపెట్టారు. పొరుగునున్న వెర్మాంట్ కూడా 2019లో ఒక్క పర్మిటూ ఇవ్వకుండా ఆగి, 2020లో 55, 2023లో 180 ఇచ్చింది. మూస్‌లు చిక్కగా ఉండి గోమార్లు విపరీతంగా పట్టిన ఈశాన్య మూలలోనే ఇచ్చింది. నా మొదటి ప్రశ్నకు దొరికిన జవాబు ఇది. తర్కం నాకు నచ్చింది. అయితే లెక్క తప్పితే చచ్చిన ఆడవాటిని తిరిగి తెచ్చుకోలేమన్న బెరుకు మాత్రం పోలేదు.

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లు కదలకూడదు. 2015కు ముందు అది 47 రోజులే. ఆ నిషేధం కాలానికి తాళం వేస్తుంది గాని తలలను లెక్కపెట్టదు. జూన్ 15 తెల్లవారుజామున హార్బర్ నుంచి బోట్లన్నీ ఒకేసారి బయలుదేరాక, కోనెం ఎన్ని, కవళ్ళు ఎన్ని, గుడ్లతో ఉన్నవెన్ని అని వల అడగదు. ఇన్ని తలలు, ఈ మండలం, ఈ ఆడవి అని చెప్పగలిగే ట్యాగును చూస్తే, నాలాంటి లెక్కల మనిషికి కొంచెం అసూయ కలగడం సహజం.

పెద్దాయనకు మూడో రోజున ఆడ మూస్ దొరికింది. నమోదు కేంద్రానికి మావాడు కూడా వెళ్ళి వీడియో కాల్ చేశాడు. ట్రక్కు వెనుక తలుపు దించి ఉంది, జంతువు నాలుక ఒక పక్కకు వేలాడుతోంది. ఉన్ని టోపీ పెట్టుకున్న అమ్మాయి మెడ దగ్గరా తుంటి దగ్గరా బొచ్చును దువ్వెనలా పాయలు తీసి, కనిపించిన గోమార్లను బిగ్గరగా లెక్కపెడుతుంటే ఇంకొకరు అట్టమీద రాసుకుంటున్నారు. తరువాత దవడ తెరిచి, కత్తి మొనతో చిగురు కోసి, ముందరి పన్నొకటి ఊడబెరికి చిన్న కవరులో వేశారు. పన్నును అడ్డంగా పలచగా కోసి రంగు పట్టిస్తే, చెట్టు మానులో వలయాల్లా ఏడాదికొకటి చొప్పున గీతలు కనిపిస్తాయి. చేప తలలో ఉండే చెవిరాయిని అరగదీసి నేను చూసిన వలయాలు కూడా ఇలాంటివే కాబట్టి, ఫోను పట్టుకుని కూర్చున్న నాకు అక్కడ కొత్తగా కనిపించింది మంచు ఒక్కటే.

“ఎన్ని లెక్క తేలాయిరా?” అని అడిగాను.

“మెడ దగ్గర పద్నాలుగు, బాబాయ్. తక్కువేనంటున్నారు.”

పన్ను ఫలితం రావడానికి నెలలు పడుతుందట. అరిగిన తీరు చూసి నేను ఏడేళ్ళన్నాను, పెద్దాయన నాలుగన్నాడు; ఎవరిది తప్పితే వారు అవతలివారికి వాళ్ళ ఊరి చేప పంపాలని పందెం. ఇక్కడి నుంచి కోనెం ఎలా పంపాలో మావాడికీ తెలియదు, నాకూ తెలియదు.