గౌడరమ్మ గురించి రెండు వాక్యాలు

పదకొండున్నర అయింది. ఈయన ఎప్పుడో పడుకున్నారు. నాకే నిద్ర పట్టడం లేదు.

ఆదివారం మా క్యాంపు ఆత్మీయ సమ్మేళనం. క్యాంపంటే, కోస్తా నుంచి వలస వచ్చిన మా తెలుగువాళ్ళు కర్ణాటకలో సింధనూరు వైపు కట్టుకున్న ఊరు. సమ్మేళనంలో చదవడానికి ఒక పేజీ చరిత్ర రాసిమ్మని కమిటీవాళ్ళు పోయిన వారం అడిగారు. ఆ కాగితం సాయంత్రం తిరిగొచ్చింది. ఇక్కడి కన్నడావిడ గౌడరమ్మ గురించి రాసిన రెండు వాక్యాలు ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన "టైం చాలదు" అని రాశారు.

ఆ రెండు వాక్యాలూ గడియారం చూసుకుంటూ పైకి చదివాను. పదిహేను సెకన్లు. శాలువాలకు గంటన్నర పెట్టారు. ఎమ్మెల్యేగారు ఆలస్యంగా వస్తే ఇంకో అరగంట ఆగుతారు. దానికి టైం ఉంది.

వాక్యాలు ఇవి: "1955 వానాకాలంలో వచ్చిన మొదటి మూడు కుటుంబాలకు గౌడరమ్మగారు తమ పశువుల కొట్టంలో నాలుగు నెలలు చోటిచ్చారు. అందరూ ఆవిడ చేతి జొన్నరొట్టె తిని బతికారు."

ఆ మూడింట్లో మాదొకటి. నాయనమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. తెనాలి దగ్గర ఉన్న ఎకరన్నరా అమ్ముకుని వచ్చారు. గుంతకల్లు మీదుగా బళ్ళారి దాకా రైలు, అక్కణ్ణుంచి సింధనూరు వైపు లారీ, ఆఖరున ఎడ్లబండి. చంకలో ఏడాది పిల్లాడు, మా నాన్న. ముసురు పట్టింది. నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో ఆ డెల్టావాళ్ళకు తెలియదు. బండి ఇరుసు దాకా దిగిపోయింది. నాయనమ్మ కిందకి దిగితే మోకాలి వరకూ కూరుకుపోయి, కాలు తీస్తే చెప్పు రాలేదట. పిల్లాణ్ణెత్తుకుని అక్కడే నిలబడి ఏడ్చింది.

అప్పుడు గడపలోంచి ఒకావిడ పిలిచింది. ఆవిడే గౌడరమ్మ. "బర్రీ అమ్మా, ఊట మాడ్రీ." నాయనమ్మకు అర్థమైంది రెండే మాటలు, ఊట, మాడు. బావిలో ఊట లేదంటోందో, పొయ్యి మీద ఏదో మాడిందంటోందో తెలియక బిత్తరపోయి చూసిందట. ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి కంచం ముందు కూర్చోబెట్టాక తెలిసింది, భోంచెయ్యమంటోందని. కంచంలో కాగితమంత పల్చటి జొన్నరొట్టె, గురెళ్ళ (వెర్రినువ్వుల) పొడి, చేత్తో గుద్ది పగలగొట్టిన ఉల్లిపాయ. అన్నం కాదు. అన్నం లేకుండా పూట గడవడం నాయనమ్మకు అదే మొదటిసారి. ఆ నాలుగు నెలల్లోనే రొట్టె తట్టడం నేర్చుకుంది. మరిగే నీళ్ళు పోసి పిండి కలపడం, అంచు చీలకుండా అరచేత్తో తిప్పుతూ తట్టడం, పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో అద్దడం. పోయేదాకా రాత్రిపూట ఒక రొట్టె తినేది. మా పొలంలో సోనా మసూరి బస్తాలు ఇంటినిండా ఉన్న రోజుల్లో కూడా.

ఇంత సంగతిని రెండు వాక్యాలకు కుదిస్తే, దాన్నీ కొట్టేశారు.

ఫ్లెక్సీ నమూనా చూశాక కోపం ఇంకా పెరిగింది. "గడ్డి మొలవని బీడును బంగారం చేసిన మహనీయులు" అట. గడ్డి మొలవకపోవడమేమిటి? మనం రాకముందు ఇక్కడ జొన్న పండేది, పత్తి, కుసుమ, శనగ పండేవి. వాన మీద ఆధారపడ్డ పంటలు, నిజమే. 1953లో తుంగభద్ర డ్యాం నుంచి నీళ్ళు వదిలాక, ఎడమ కాలువ మెల్లగా ఇటు వస్తుంటే, ఈ నేలను మడులు కట్టి చదును చేయడానికి ఇక్కడివాళ్ళ దగ్గర డబ్బు లేదు, వరి చేసిన అలవాటూ లేదు. మనవాళ్ళకు అలవాటుంది. అమ్మారు, కొన్నాం. అమ్మినవాళ్ళలో కొందరి మనవలు ఈరోజు మా పొలాల్లోకే కూలికొస్తున్నారు. ఫ్లెక్సీ మీద ఆ వాక్యం వాళ్ళూ చదువుతారు. ఇక్కడ తెలుగు చదవడం రానివాళ్ళకు కూడా అర్థం చెప్పేవాళ్ళుంటారు.

ఇంకొకటి. "తొలి కుటుంబాలు" అని వేసిన పేర్ల వరస అంతా భూమి కొన్నవాళ్ళది. మనతోపాటే కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి, పార పట్టి ఆ మడులు చేసిన కూలీ కుటుంబాలు లేవు. ఆడవాళ్ళ పేరు ఒక్కటీ లేదు, మా నాయనమ్మతో సహా.

మొదట్లో ఇది సమ్మేళనమే కాదు. శ్రీరామనవమికి వేపకొమ్మల పందిరి వేసి, రాముడి పటం పెట్టి కళ్యాణం చేసేవారట. చుట్టుపక్కల క్యాంపులవాళ్ళంతా బళ్ళు కట్టుకుని వచ్చేవారు. ఊరినుంచి వచ్చిన ఉత్తరాలు పైకి చదువుకునేవారు, సంబంధాలు మాట్లాడుకునేవారు. గౌడరమ్మ ముందు వరసలో కూర్చునేది. మన వడపప్పును వాళ్ళు కోసంబరి అంటారు. ఆవిడ గిన్నెడు చేసి తెచ్చి పానకం పక్కన పెట్టేది. నా చిన్నప్పుడు కూడా తెచ్చింది, నాకు గుర్తుంది, ఇత్తడి గిన్నె, మూత మీద తెల్లబట్ట. ఆ తర్వాత రామాలయం కట్టారు. పిల్లలు బెంగళూరు, హైదరాబాదు, అమెరికా వెళ్ళిపోయారు. నవమికి సెలవు దొరకదని ఆదివారానికి మార్చారు. పందిరి పోయి కళ్యాణమంటపం వచ్చింది.

ఇంతవరకూ రాసి, ఆదివారం వెళ్ళనని కూడా రాసేశాను. ఇప్పుడే ఆ మాట కొట్టేశాను.

ఎందుకంటే పెదనాన్న గుర్తొచ్చాడు. ఆయన కూడా "ఇక్కడ ఏమీ లేదు, అంతా మేమే చేశాం" అనే అనేవాడు. ఒకసారి నేను వాదిస్తే మెల్లగా చెప్పాడు. "మేము హైదరాబాద్ రాష్ట్రానికి వచ్చామమ్మా. 1956 నవంబర్ ఒకటిన పొద్దున లేచేసరికి రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో ఉంది. మీరెందుకొచ్చారని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?" ఉన్న ఎకరాలు అమ్ముకుని వచ్చినవాడికి తిరిగి వెళ్ళడానికి ఊరు లేదు. ఉండటానికి కారణం చూపాలి. ఆ వాక్యం ఆ భయంలోంచి వచ్చింది. అది గొప్ప చెప్పుకోవడమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. వాళ్ళందరినీ అంత మాట అనకూడదు.

పైగా 2024 ఆగస్టు 10 రాత్రి. డ్యాం పంతొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయిందని తెల్లవారేసరికి ఎన్ని ఫోన్లు! పదేళ్ళుగా సమ్మేళనం మొహం చూడనివాళ్ళు కూడా డల్లాస్ నుంచి, సిడ్నీ నుంచి "నాట్లు ఏమవుతాయి అక్కా" అని అడిగారు. వారం తర్వాత గేటు చోట అడ్డుగా స్టాప్‌లాగ్‌లనే ఉక్కు పలకలు దించి నీళ్ళు ఆపేదాకా ఎవరికీ నిద్రలేదు. వీళ్ళంతా ఏడాదికొక్కసారి ఒకచోట కూర్చుని భోంచేస్తే నాకెందుకు కోపం రావాలి?

అయినా పదిహేను సెకన్ల సంగతి మాత్రం మనసులోంచి పోవడం లేదు. పెదనాన్న తరానికి భయం. ఎర్రసిరా పెట్టినవాడు ఇక్కడే పుట్టాడు, ఇక్కడి బళ్ళో కన్నడంలోనే చదువుకున్నాడు. వాడికేం భయం?

ఫ్లెక్సీ ప్రింటుకు వెళ్ళిపోయింది, అది మారదు. గౌడరమ్మ మనవడి కుటుంబం అదే ఇంట్లో ఉంటోంది, కొట్టం ఉన్నచోట ఇప్పుడు ట్రాక్టర్ షెడ్డు. సాయంత్రం కమిటీవాళ్ళకు ఫోన్ చేసి అడిగాను, వాళ్ళను పిలిచారా అని. "వాళ్ళెందుకు?" అన్నారు.

పొద్దున పాలు కాచి, ముందు వాళ్ళింటికే వెళ్తాను. ఆ ఇంటి కోడలికి బొట్టు పెట్టి పిలుస్తాను. కోసంబరి తెమ్మని కూడా అడుగుతాను. కుంకుమ భరిణె ఇప్పుడే బ్యాగులో పెట్టుకున్నాను.