సూది దిగిన చోట

నడుము నొప్పికి వేసిన డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వల్ల నా పిరుదు మీద అరచేతి మేర చర్మం చచ్చిపోయింది. ఆ పుండు పూర్తిగా మానింది కాబట్టే ఈ నాలుగు మాటలు నింపాదిగా రాయగలుగుతున్నాను.

సూది ఇంకా బయటికి తీయకముందే మంట తొడ దాకా పాకింది. నేను కేక పెడితే ఇంజెక్షన్ చేసిన ఆయన "ఇంత వయసొచ్చి సూదికే ఏడుస్తారా?" అని, ఐసు పెట్టుకోమని చెప్పి పంపేశారు. ఆ చోట చర్మం ముందు తెల్లగా పాలిపోయింది. రాత్రి అక్క టార్చి వేసి చూసేసరికి ఊదారంగు గీతలు చేపల వల అచ్చు వేసినట్టు పరుచుకుని, మధ్యలో నలుపు తిరుగుతోంది. బోర్లా పడుకున్న నన్ను "వేళ్లు కదుపు, ఇంకోసారి కదుపు" అంటూ అక్క తెల్లవార్లూ నా కాలు పట్టుకునే కూర్చుంది. కాలు పోతుందేమోనన్న భయం మా ఇద్దరిలోనూ ఉన్నా ఎవరమూ పైకి అనలేదు.

మర్నాడు చర్మవ్యాధుల డాక్టరమ్మ చూడగానే దీన్ని నికొలావ్ సిండ్రోమ్ అంటారని చెప్పారు. 1920లలో, సుఖవ్యాధి అయిన సిఫిలిస్‌కు బిస్మత్ అనే లోహంతో చేసిన ఇంజెక్షన్లు ఇచ్చే కాలంలోనే వైద్యులు దీన్ని గుర్తించారట. మందు చిన్న ధమనిలోకో దాని చుట్టూనో చేరితే ఆ నాళం బిగుసుకుపోయి, పూడుకుపోయి, పైనున్న చర్మానికి రక్తం అందదని అనుకుంటున్నారు. పద్ధతిగా ఇచ్చినా అరుదుగా వస్తుందని ఆవిడే అన్నారు కనుక సూది గుచ్చిన చేతిని నేను తప్పుపట్టను. కానీ చల్లదనానికి రక్తనాళాలు మరింత ముడుచుకుంటాయని, ఐసు పెట్టకూడదని విన్నప్పుడు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. ఆ వెక్కిరింపును క్షమించడం నావల్ల కాలేదు.

చచ్చిన కండ కోసి తీయడం, యాంటీబయాటిక్స్, రోజూ కట్లు మార్చడం, ఇవన్నీ జరిగాయి. కట్టు విప్పే ముందు గాజుగుడ్డను సెలైన్‌తో బాగా నానబెట్టి, "అమ్మా, ఇప్పుడు లాగుతున్నాను" అని చెప్పి మరీ తీసిన నర్సమ్మను దేవుడే పంపాడని నా నమ్మకం.

ఇంజెక్షన్ చేస్తుండగానే భరించలేని నొప్పి పుట్టి చర్మం పాలిపోతే, ఎవరేమన్నా సరే, ఆ పూటే పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. మాత్రతో తగ్గే నొప్పికి మాత్రే రాయమని అడగండి. నేను ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా పాత కేసు షీటు ముందు చూపించి, ఆ తరవాతే నా బాధ చెబుతున్నాను.