కత్తికి ఒర కుడుతూ

ఎవరి దగ్గరైనా మంచి కత్తి కనిపిస్తే చాలామంది ముందు దాని ఉక్కు గురించి అడుగుతారు. నేను మాత్రం దాన్ని దేంట్లో పెడుతున్నారని అడుగుతాను. ఏ పాత గుడ్డలోనో చుట్టిపెట్టామనో, దాంతోపాటు వచ్చిన పల్చటి సంచిలోనే ఉందనో అంటారు. అంత పదునున్న కత్తిని అలా ఉంచడం చూస్తే నా మనసు ఊరుకోదు. అంచు పాడవుతుంది, తీసేటప్పుడు చెయ్యి తెగుతుంది. ఇలా అడిగీ అడిగీ స్నేహితుల కత్తులన్నీ ఒక్కొక్కటిగా నా బల్ల మీదికి చేరాయి. ఆఫీసు పని అయ్యాక రాత్రిపూట కూర్చుని వాటికి తోలు ఒరలు కుడుతుంటాను.

ఒరకి ఏ తోలు పడితే అది పనికిరాదు. బ్యాగులకీ జాకెట్లకీ వాడే మెత్తటి తోలు చాలావరకు క్రోమియం లవణాలతో శుద్ధి చేసినది. దాన్ని తడిపి ఎంత నొక్కినా ఆకారం నిలవదు. పైగా అందులో మిగిలిపోయిన లవణాల వల్ల ఉక్కుకి తుప్పు పట్టే ప్రమాదం ఉంది. మనకి కావలసింది చెట్ల బెరడులోనూ కాయల్లోనూ ఉండే టానిన్‌తో శుద్ధి చేసిన తోలు. ఈ పని చేసేవాళ్ళు దాన్ని వెజ్ టాన్ అంటారు. మందాన్ని ఔన్సుల్లో చెప్తారు. ఒక ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు, దాదాపు 0.4 మిల్లీమీటరు. నేను ఎక్కువగా వాడేది 8 ఔన్సులది, అంటే 3 మిల్లీమీటర్ల పైచిలుకు. అది కూడా పశువు వీపు భాగంలోంచి కోసిన ముక్క అయితేనే తీసుకుంటాను. పొట్ట వైపు తోలు సాగిపోతుంది.

ముందు కాగితం మీద గీత. కాగితాన్ని మడిచి, ఆ మడత మీద కత్తి వీపు ఆనించి చుట్టూ గీస్తాను. పదును వైపు కుట్టుకి చోటు వదలాలి. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత బాగా కుట్టినా లాభం లేదు, కత్తి లోపలికే పోదు.

ఇక ఒరకి ప్రాణం ఎక్కడుందంటే, బయటికి కనపడని చోట ఉంది. పదును ఉండే వైపు, రెండు తోలు పొరల మధ్య సన్నటి తోలు పట్టీ ఒకటి పెడతాం. దాన్ని వెల్ట్ అంటారు. అది లేకపోతే కత్తి తీసిన ప్రతిసారీ, పెట్టిన ప్రతిసారీ అంచు దారానికి తగులుతుంది. ఒక్కో పోగూ తెగుతూ, ఏదో ఒకనాడు కుట్టు విడిపోయి కత్తి పక్కనుంచి బయటికి వస్తుంది. ఒరని గుప్పిట్లో పట్టుకుని కత్తి లాగేది సరిగ్గా అక్కడే కదా! అందుకే పట్టీ లేకుండా ఒర కుట్టడాన్ని నేను ఒప్పుకోను, కత్తి ఎంత చిన్నదైనా సరే. పట్టీ మందం దాదాపు కత్తి మందమంత ఉండాలి, మొన వైపుకి కొంచెం పల్చబడాలి. రెండు వైపులా జిగురు రాసి, వేలికి అంటుకోనంతగా ఆరనిచ్చి, అప్పుడు అదిమితే మూడు పొరలూ ఒకటైపోతాయి.

కుట్టు చేత్తోనే వేస్తాను. ఒకటే దారం, రెండు కొసలకీ రెండు సూదులు. అంచుకి 3 మిల్లీమీటర్ల లోపలగా సన్నటి గాడి తీసి, 4 మిల్లీమీటర్లకొకటి చొప్పున గుర్తులు పెట్టి, ఆరెతో రంధ్రాలు చేస్తాను. ఒక్కో రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దూరి వెళ్తాయి. రెండో సూది వెళ్ళేటప్పుడు మొదటి దారాన్ని పొడవకూడదు, అందుకని దాన్ని కొంచెం వెనక్కి లాగి పట్టుకుంటాను. తర్వాత రెండు కొసలూ ఒకే బలంతో లాగాలి. మైనం పూసిన దారం తోలులో బిగుసుకునేటప్పుడు కిర్రుమని చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వచ్చిందంటే కుట్టు కూర్చున్నట్టే. మిషన్ కుట్టులో పై దారం, కింది దారం మధ్యలో మెలిపడి ఉంటాయి, ఒకటి తెగితే పక్కవి కూడా వదులవుతాయి. చేతికుట్టులో ఒక పోగు అరిగి తెగినా, అదే రంధ్రంలో ఉన్న రెండోది పట్టుకునే ఉంటుంది. దారం మాత్రం కుట్టు పొడవుకి నాలుగింతల పైనే తీసుకోవాలి.

నాకు బాగా ఇష్టమైన పని ఆ తర్వాత వస్తుంది. కుట్టిన ఒరని గోరువెచ్చటి నీళ్ళలో ముంచితే తోలులోంచి బుడగలు వస్తాయి. అవి తగ్గగానే తీసి, నీళ్ళు కొంచెం ఇంకాక కత్తిని లోపలికి దింపుతాను. ముందు కత్తికి ప్లాస్టిక్ ఫిల్మ్ గట్టిగా చుట్టి తీరాలి. తడి తోలులోని టానిన్‌కి ఇనుము తగిలితే నల్లటి మరక పడుతుంది, అది ఇక పోదు. పాతకాలంలో రాత సిరా చేసింది కూడా ఇనుము, టానిన్‌ల ఈ కలయికతోనే. తర్వాత బొటనవేళ్ళతో పిడి చుట్టూ నొక్కుతూ వెళ్తాను. తడి తోలు మైనంలా మాట వింటుంది. పిడి ఉబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ తగ్గుతుందో పైకి తేలుతుంది. ఒర కత్తిని పట్టి ఉంచేది ఆ నొక్కు వల్లే. ఆకారం వచ్చాక కత్తి తీసేసి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెట్టినా, హెయిర్ డ్రయ్యర్ పెట్టినా తోలు పెళుసెక్కి పగులుతుంది. ఆరిన ఒరలో కత్తి పెట్టి తలకిందులు చేసి ఊపితే జారకూడదు, బొటనవేలితో తోస్తే తేలిగ్గా రావాలి.

ఒరల గురించి చదివినవాటిలో నన్ను బాగా కదిలించింది ఓట్జీ సంగతి. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన, 5,000 ఏళ్ళకి పైబడిన మనిషి దేహం అది. అతని దగ్గర చెకుముకి రాతి బాకు ఉంది, దానికి చెట్టు నారతో అల్లిన ఒర కూడా ఉంది. అంత పాతకాలంలోనే ఆ బాకు అంచునీ తన ఒంటినీ కాపాడుకోవాలని ఆలోచించాడు ఆ మనిషి!

మా అక్కది ఎడమచేతి వాటం. "ఒరేయ్, అందరికీ కుట్టావు, నాకెప్పుడు కుడతావురా?" అని తన తోటపని కత్తి తెచ్చి ఇచ్చింది. ఎడమచేతి వాళ్ళకి నమూనా కాగితాన్ని తిరగేసి గీయాలి, బెల్టు పట్టీ అవతలి వైపుకి మారాలి. అంచుల మూలలు తీసి, గరుకు కాగితంతో రుద్ది, తడి చేసి కర్రముక్కతో గాజులా మెరిసేదాకా రాశాను. పైన తేనెమైనం పట్టించాను. నూనె మాత్రం బాగా తక్కువే, ఎక్కువైతే ఒర మెత్తబడి పట్టు పోతుంది. ఇచ్చేటప్పుడు అందరికీ చెప్పేదే అక్కకీ చెప్పాను: పనిలో ఉన్నంతసేపే కత్తి ఒరలో ఉండాలి, నెలల తరబడి దాచేటప్పుడు విడిగా పెట్టాలి. తోలు గాలిలో తేమని పీల్చి ఉక్కుకి అంటిస్తుంది.

ఇప్పుడు ఒక ఫిన్లాండు పద్ధతి ఒర మొదలుపెట్టాను. వాళ్ళ పూక్కో కత్తి ఒరలో కుట్టు పక్కకి కాకుండా వెనక నడుమ వస్తుంది, పిడి చాలావరకు లోపలికే పోతుంది, అంచు తోలుని కొయ్యకుండా లోపల చెక్క తొడుగు ఉంటుంది. ఆ తొడుగు చెక్కడం సగం అయింది.