పాత రోడ్ బైక్‌కి చలికాలం టైర్లు

అమెరికాలోని మా మినియాపొలిస్‌లో మంచు మొదలైతే సైకిల్ మూలన పెట్టేయక్కర్లేదు. నా పాత స్టీల్ రోడ్ బైక్‌కి 27 అంగుళాల చక్రాలు తీసేసి 700సీ అనే కాస్త చిన్న సైజు చక్రాలు వేయించాను. రిమ్ వ్యాసం 630 మిల్లీమీటర్ల నుంచి 622కి తగ్గుతుంది, అంటే బ్రేక్ ప్యాడ్లు 4 మిల్లీమీటర్లు కిందికి దించాలి. ఆ కాస్త జాగా దొరకబట్టే 35 మిల్లీమీటర్ల స్టడ్ టైర్ పట్టింది! టైరు నిండా చిన్న చిన్న కార్బైడ్ (బాగా గట్టి పదార్థం) మేకులు, వేలితో తడిమితే గరుగ్గా తగులుతాయి. నున్నటి ఐసు మీద పట్టు ఇచ్చేది అవే. గాలి కొంచెం తక్కువే కొడుతున్నాను. మిడ్‌టౌన్ గ్రీన్‌వే అనే సైకిల్ దారి మీద కరకరమంటూ పోతుంటే ఎంత హాయిగా ఉందో! మడ్‌గార్డులకి మాత్రం చోటు చాల్లేదు, ఇంకా దారి వెతుకుతున్నా. మీరూ ఇలా తిరిగితే ఇంటికి రాగానే చైను తుడిచి నూనె వేయండి, రోడ్డు మీద చల్లే ఉప్పు దాన్ని తినేస్తుంది.