1448 దగ్గర మెట్టు

రాత్రి పదకొండు దాటింది, నిద్ర రావడం లేదు. నాలుగు రోజులుగా వేధించిన అంకె ఈ సాయంత్రం విడిపోయింది.

ప్రాజెక్టు కోసం రెండు పాత కంప్యూటర్లను కేబుల్‌తో కలిపి, ఇటు నుంచి మెసేజ్ పంపి అది తిరిగొచ్చేదాకా పట్టే టైమ్ కొలుస్తున్నాను. ఒక బైటు పంపినా వంద బైట్లు పంపినా తేడా దాదాపు లేదు. గిగాబిట్ వైరు (సెకనుకు వంద కోట్ల బిట్లు మోసేది) మీదికి 1500 బైట్లు ఎక్కడానికి 12 మైక్రోసెకన్లు చాలు. నాకు వచ్చే టైమ్ దానికి ఎన్నో రెట్లు. చాలావరకు లోపలి పనులే తినేస్తున్నాయి: సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను పని అడగడం), బఫర్ (డేటాను కాసేపు ఉంచే చోటు) నుంచి బఫర్‌కు కాపీ, ఇంటరప్ట్ (డేటా వచ్చిందని ప్రాసెసర్‌ను ఆపి చెప్పే సంకేతం), నిద్రపోతున్న ప్రోగ్రామ్‌ను లేపడం.

పొద్దున నాయనతో కర్నూలు మార్కెట్ యార్డుకు పోయాను. ఉల్లిగడ్డ ఎనిమిది బస్తాలే. "ఎనిమిదైనా ఇరవైయైనా ఆటో బాడుగ ఒకటే గదరా" అని దారంతా బాధపడ్డాడు. నేను గీస్తున్న గ్రాఫూ అదే చెబుతోంది. ముందు బాడుగ, ఆపైన బైటుకు ఇంత.

1993లో వచ్చిన లాగ్‌పి మోడల్ (కంప్యూటర్ల మధ్య మెసేజ్‌ల ఖర్చు లెక్కగట్టే పద్ధతి) ఈ బాడుగను విడదీసి చూపింది. అది నాకు చాలా నచ్చింది. మెసేజ్ దారిలో ఉన్నంతసేపు ప్రాసెసర్ వేరే పని చేసుకోవచ్చు. పంపేటప్పుడు, అందుకునేటప్పుడు అయ్యే ఓవర్‌హెడ్‌లో (ప్రాసెసర్ స్వయంగా చేయాల్సిన పనిలో) మాత్రం వేరే పని చేసుకోవడం కుదరదు. రెండింటినీ కలిపి 'ఆలస్యం' అనేస్తే ఏది తగ్గించాలో ఎప్పటికీ తెలియదు.

ఇక ఆ అంకె. మెసేజ్ ప్యాకెట్లనే ముక్కలుగా పోతుంది, ఒక్కో ప్యాకెట్‌కు హద్దు 1500 బైట్లు. ఒక ప్యాకెట్ నిండి రెండోది మొదలయ్యే చోట గ్రాఫ్‌లో మెట్టు రావాలి. 1500లో ప్యాకెట్ ముందుండే వివరాలకు, అంటే అడ్రసు రాసే ఐపీ హెడర్‌కు 20, డేటా వరసగా చేరేలా చూసే టీసీపీ హెడర్‌కు 20 తీసేస్తే 1460. నాకేమో 1448 దాటగానే వస్తోంది. ప్రోగ్రామ్‌లో తప్పుందేమోనని రెండుసార్లు తిరగరాశాను. ఒకటే టెన్షన్. సాయంత్రం ప్యాకెట్లను ఒక్కొక్కటే విప్పి చూస్తే టీసీపీ హెడర్ 20 కాదు, 32. ఆ కంప్యూటర్లలోని ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ ప్రతి ప్యాకెట్‌లో టైమ్‌స్టాంప్ (టైమ్ గుర్తు) పెడుతోంది. దానికి పది బైట్లు, నాలుగేసి బైట్ల లెక్కకు సరిపెట్టడానికి మరో రెండు.

రెండు వైపులా టైమ్‌స్టాంప్ ఆపేసి మళ్లీ నడిపించాను. అన్నానికి అమ్మ మూడుసార్లు పిలిచినా లేవలేదు. గీత 1448 దాటింది, 1455 దాటింది. మెట్టు 1460 తర్వాతే వచ్చింది.